బండి నిలిపిన చోటు

బండి నిలిపిన చోటికి తిరిగి వస్తే అక్కడ బండి లేదు. అటువంటప్పుడు మనసు వెంటనే దొంగ దగ్గరికి పోదు. ముందు తననే అనుమానిస్తుంది. ఇక్కడేనా నిలిపింది? ఆ వెనక సందులో కదా? మా బావ ఆ సాయంత్రం పావుగంటసేపు ఆ రోడ్డు వెంట అటూ ఇటూ నడిచాడట. వేపచెట్టు కింద దుమ్ములో టైర్ల అచ్చు కనబడుతూనే ఉంది. టీ కొట్టు అదే. తాను తాగి పెట్టిన గ్లాసు ఇంకా బల్ల మీదనే ఉంది. అయినా కళ్ళు చూసినదాన్ని ఒప్పుకోవడానికి మనసుకు అంతసేపు పట్టింది.

బావది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక పల్లె. వానను నమ్ముకున్న కొద్దిపాటి పత్తి చేను, అప్పు చేసి కొన్న ఏడు సీట్ల ట్యాక్సీ, ఈ రెండే ఆ ఇంటికి ఆధారం. పత్తి రోజుల్లో ఆదోని మార్కెట్ యార్డుకు రైతులను, గురువారం వస్తే మంత్రాలయానికి భక్తులను, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుపక్కల పల్లెల వాళ్ళను తిప్పేవాడు. నడిరాత్రి ఎవరికైనా కాన్పు నొప్పులొస్తే కర్నూలు పెద్దాసుపత్రికి ఆ బండే పోయేది. కాబట్టి పోయింది ఆస్తి ఒక్కటే అనుకుంటే లెక్క సరిపోదు. ఒక మనిషి తన ఊరికి పనికివచ్చే తీరు కూడా దానితోపాటే పోయింది. అది కిందటేడు పత్తి తీతలు మొదలైన రోజుల్లో జరిగింది. ఏ పట్టణపు శివారులోనో, ఆ తర్వాత మేం మెట్లెక్కిన ఠాణాలు ఏవో ఇక్కడ రాయడం లేదు. ఒక ఆఫీసు మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. అటువంటిది ఎక్కడైనా ఎందుకు జరగగలుగుతోంది, దానిలో మన పాలు ఎంత అన్నదే మనం కలిసి ఆలోచించవలసిన విషయం.

ఠాణాలో బావను అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడే పెట్టినావని గ్యారంటీ ఏంది?" విచిత్రమేమంటే, అరగంట ముందు ఆయన తనను తాను అడుక్కున్నది కూడా అదే ప్రశ్న. మాటలు అవే అయినా రెండూ ఒకటేనా? సందేహాన్ని నేను తప్పుపట్టలేను. ఏదీ పరీక్షించకుండా ఒప్పుకోకూడదన్నది తర్కానికి మొదటి మెట్టు. దొంగ ఫిర్యాదులు ఉంటాయి. పరిహారం కోసం సొంత బండినే దాచిపెట్టినవాళ్ళూ ఉంటారు. అధికారి సందేహించాలి, నిజమే. కానీ వెతకడానికి బయలుదేరే సందేహం వేరు, వెతకకుండా కూర్చోవడానికి అక్కరకొచ్చే సందేహం వేరు. బావ అనుమానం ఆయన్ను రోడ్డు వెంట నడిపించింది, టీ కొట్టువాడిని అడిగించింది, టైర్ల అచ్చు దగ్గర వంగి చూడమంది. బల్ల అవతలి అనుమానం ఎవరినీ కుర్చీలోంచి లేపలేదు. సందేహం నిజాయితీ గలదా కాదా అన్నది దాని మాటల్లో తెలియదు, దాని తర్వాత జరిగే పనిలో తెలుస్తుంది.

పిటిషన్ రాసుకొని రమ్మన్నారు. వీధి చివర నెట్ సెంటర్లో కూర్చున్నాం. టైపు చేసే కుర్రవాడికి ఇటువంటివి రోజూ అలవాటే. "తాళం బండికే ఉన్నింది" అని బావ చెప్పగానే అతని వేళ్ళు ఆగిపోయాయి. "అది రాయొద్దన్నా. అట్ల రాస్తే ఇన్సూరెన్సు వాళ్ళు నీ నిర్లక్ష్యమని కొట్టేస్తారు. ఒక తాళం ఎప్పుడో పారేసుకున్నానని రాద్దాం." అతను చెడ్డవాడు కాడు. తన అనుభవంలో ఏది గెలుస్తుందో, ఏది ఓడుతుందో చూసి, మా మేలు కోరే చెప్పాడు. నేను చదువుకున్నవాణ్ణి, ఆ క్షణంలో నాకూ అది తెలివైన సలహాగానే తోచిందని ఒప్పుకోవాలి. బావ మాత్రం నా వైపు చూసి, "ఉన్నది ఉన్నట్టు రాయించప్పా. టీ తాగి రెండు నిమిషాల్లో వస్తాననుకొని తాళం వదిలినా. నాదే బుద్ధి తక్కువ. దానికి అబద్ధమెందుకు?" అన్నాడు.

ఆ మాటను మెచ్చుకొని ముందుకు పోవడం సులభం. కానీ పరీక్షించకుండా దాన్నీ వదలకూడదు. ఆ ఒక్క వాక్యం ఖరీదు లక్షల్లో ఉండవచ్చు. బ్యాంకు కంతులు ఆగవు. ఆ అబద్ధం వల్ల ఫలానా మనిషికి నష్టమని వేలెత్తి చూపలేం. అయినా అది పరిహారం డబ్బుతో ఆగే అబద్ధం కాదని నాకు తర్వాత అర్థమైంది. దర్యాప్తు చేసేవాడు ఎవరి కోసం వెతకాలి? తాళం విరగ్గొట్టగల ఆరితేరిన దొంగ కోసమా, తాళం వేలాడుతుంటే చూసి ఎక్కి పోయిన దారినపోయేవాడి కోసమా? మన పిటిషన్లో ఒక్క మాట మార్చితే వెతుకులాట దారే మారిపోతుంది. సరిగ్గా వెతకలేదని ఠాణాను నిందించే నేను, వెతకడానికి కావలసిన మొదటి నిజాన్నే దాచడానికి సిద్ధపడ్డాను. మరి ఆ కుర్రవాడి మాట కూడా కొట్టిపారేయలేం: ఉన్నదున్నట్టు చెప్పినవాడే నష్టపోయేటట్టు పద్ధతులు అల్లుకుపోయిన చోట, నిజం చెప్పడం కలిగినవాళ్ళకే సాధ్యమయ్యే పని అయిపోతుంది. బావ కలిగినవాడు కాడు. అయినా చెప్పాడు. ఎందుకు చెప్పగలిగాడో నేను ఇప్పటికీ పూర్తిగా వివరించలేను. దేవుడు చూస్తున్నాడన్న భయమా అని తర్వాత అడిగితే, "దేవుని సంగతి నాకు తెల్దు, రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పినానో యాద్ పెట్టుకోవాల గదా" అన్నాడు.

పిటిషన్ తీసుకొని వెళ్తే రెండో అడ్డు వచ్చింది. "వేపచెట్టు వంకకు ఆ పక్కది. మా లిమిట్స్ కాదు." రెండో ఠాణాకు పోతే, "వంక దాటకముందే గదా నిలిపింది, వాళ్ళే కేసు కట్టాల" అన్నారు. రెండు దినాలు ఆ వంకకు ఈ పక్కా ఆ పక్కా తిరిగాం. ఎండిపోయిన ఆ చిన్న వంక మా పాలిటికి తుంగభద్రంత వెడల్పయింది.

హద్దుల సంగతి ఆదోని ప్రాంతం వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలోది. ఆ రోజుతో బళ్ళారి మైసూరు వైపు పోయింది, ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. నిద్రపోయినప్పుడు ఒక జిల్లా, లేచేసరికి మరో జిల్లా. అయినా చేలు కదలలేదు, చుట్టరికాలు తెగలేదు, ఆ ఇళ్ళలో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసే వినబడుతూ వచ్చాయి. హద్దు మనం గీసుకున్న గీత అని ఇంతకంటే బాగా తెలిసే చోటు ఉండదు. ఆ గీతను ఎందుకు గీసుకున్నాం? ఎవరి పని ఎక్కడివరకో తెలిస్తే ఏ పనీ మిగిలిపోకుండా ఉంటుందని. పని పంచుకోవడానికి గీసిన గీత పని తప్పించుకోవడానికి ఆసరా అయితే, దాని ప్రయోజనమే తలకిందులైంది.

ఈ చిక్కు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం దీన్ని ముందే ఊహించి, బాటసారి వర్తకుడి సొమ్ము పోతే ఎవరు భరించాలో వరుసగా చెప్పింది. ఊళ్ళో పోతే గ్రామాధికారి. రెండు ఊళ్ళ నడుమ పోతే పచ్చికబయళ్ళను చూసే వివీతాధ్యక్షుడు. అదీ కాని చోట చోరరజ్జుకుడనే ఉద్యోగి. ఆయనా లేకపోతే ఆ సరిహద్దు మనుషులు, వాళ్ళూ లేకపోతే చుట్టుపక్కల ఐదూళ్ళో పదూళ్ళో కలిసి. ఆ జాబితా చదువుతుంటే ఒక పట్టుదల కనబడుతుంది: బాధ్యత లేని జాగా భూమ్మీద ఒక్క అడుగు కూడా మిగలకూడదు. యాజ్ఞవల్క్య స్మృతి మరింత సూటిగా, దొంగలు ఎత్తుకుపోయిన సొమ్మును రాజు ప్రజకు ఇవ్వాలన్నది. దొంగ దొరక్కపోతే? ధర్మశాస్త్రకారులు ఖజానా నుంచి ఇవ్వమన్నారు. ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయముగా తెలుగులోకి తెచ్చాడు. అంటే ధర్మశాస్త్ర విచారం ఏడు వందల ఏళ్ళ కిందటే మన భాషలో సాగింది.

అట్లాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోలేం. అవే స్మృతులు తప్పు చేసినవాడి కులం చూసి శిక్ష తగ్గించాయి, పెంచాయి. రాజు నిజంగా ఎందరికి ఖజానా నుంచి చెల్లించాడో శాస్త్రం చెప్పదు. శాస్త్రం ఉండవలసినదాన్ని చెబుతుంది. దక్షిణాదిలో తర్వాత వచ్చిన కావలి పద్ధతిలోనూ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. కావలిగాండ్లు ఊరి దగ్గర రుసుము తీసుకొని, సొమ్ము పోతే వెతికి తేవాలి, లేదా నష్టం కట్టివ్వాలి. రుసుము ఇవ్వని ఊళ్ళలో ఆ కావలివాళ్ళే దొంగతనాలు చేయించిన సందర్భాలూ ఉన్నాయి. ఆ బెడద వదిలించడానికే కదా ప్రభుత్వం కావలి పనిని తన చేతుల్లోకి తీసుకున్నది! మద్రాసు ప్రెసిడెన్సీలో 1859 చట్టంతో జిల్లా పోలీసు వ్యవస్థ నిలబడింది. అది మంచి మార్పే. అయితే ఆ మార్పులో ఒకటి చడీచప్పుడు లేకుండా జారిపోయింది. కావలి కాసే అధికారం పూర్తిగా ప్రభుత్వానికి వచ్చింది, నష్టం కట్టిచ్చే బాధ్యత మాత్రం రాలేదు. ఇవాళ పోయిన బండికి సర్కారు పైసా ఇవ్వదు. ఆ భారం మన ప్రీమియం డబ్బుల మీద, బీమా కంపెనీ మీద పడింది. ఇవ్వాలని నేను వాదించడం లేదు. లక్షల దొంగతనాలకు ఖజానా తాళలేదు. కానీ లెక్క చూద్దాం. మన సొమ్మును మనమే వెంటాడి పట్టుకొచ్చుకొనే హక్కు వదులుకున్నాం. నష్టం పూరించమని అడిగే హక్కూ వదులుకున్నాం. వీటికి బదులుగా మనకు మిగిలింది మూడే: చెప్పింది వినడం, రాసుకోవడం, వెతకడం. ఇవి ఎవరో దయతో చేసే మేలు కావు. పాత బాకీలో మిగిలిన చివరి భాగం. అదీ ఎగ్గొడితే ఆ ఒడంబడికలో ఇక మనవైపు ఏమీ మిగలదు.

ఈ హద్దుల తగాదా ఎంత దూరం పోగలదో తెలుగువాళ్ళం చూశాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలు కనిపించకపోతే, ఆ కుటుంబం ఠాణాకు వెళ్ళినప్పుడు ఇది మా పరిధి కాదన్న మాటలతో విలువైన సమయం పోయిందని వాళ్ళు చెప్పారు. ఆమెను దేశం దిశ అన్న పేరుతో గుర్తుపెట్టుకుంది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. పోయిన బండిని ఆ విషాదం పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు; రెండూ ఒక తూకంవి కావు. అయితే బల్ల అవతల పలికిన మాట మాత్రం అదే మాట. పోయింది ఏమిటో తెలియకముందే, అడగకముందే, అలవాటుగా నోటికొచ్చే మాట. అలవాటుకు తూకం తెలియదు. భయమంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో జీరో ఎఫ్ఐఆర్ గురించి గట్టి ఆదేశాలు వచ్చాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్, నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చని చట్టంలోనే రాసింది. అంతకుముందే, 2013 నవంబరు 12న లలితాకుమారి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, విచారణార్హమైన నేరం జరిగిందని సమాచారం వస్తే కేసు నమోదు చేసి తీరాలన్నది. మా వంక తగాదాకు సమాధానం ముందే వచ్చి ఉందన్నమాట. మరి చట్టం ఉండీ ఎందుకు జరగలేదు? ఠాణా తరఫున కూడా ఆలోచించాలి. పండుగ బందోబస్తు, కోర్టు డ్యూటీ, మంత్రుల రాకపోకలు, చాలని సిబ్బంది. కేసు కట్టిన ప్రతిసారీ లెక్కలో ఒక నేరం పెరుగుతుంది, దొరకని బండి ఒక మచ్చగా నిలుస్తుంది. కట్టకపోతే లెక్క శుభ్రంగా ఉంటుంది. అంకెలను చూసి పనితనాన్ని కొలిచేచోట, పని చేసినవాడి పుస్తకమే మాసినట్టు కనబడుతుంది. బల్ల అవతల కేసులు రాసే ఆ రైటర్ స్థానంలో నేనుంటే ఏం చేసి ఉండేవాణ్ణో చెప్పలేను. అయితే కారణాన్ని అర్థం చేసుకోవడం వేరు, దాన్ని ఒప్పుకోవడం వేరు.

రెండో రోజు ఠాణా వరండాలో మా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఆమె జీవాలు నాలుగు పోయాయట. కొడుకూ కోడలూ సుగ్గికి పోయినారు, గుంటూరు దిక్కు కూలి పనులకు. వాళ్ళు వచ్చేలోగా గొర్రెలకు తానే దిక్కు. పొద్దున్నుంచి కూర్చుంది. లోపలికి పోయి చెబితే "రాయించుకొని రాపో" అన్నారని చెప్పింది. ఆమెకు రాయడం రాదు. 173వ సెక్షన్లోనే మరో మాట ఉంది: నోటితో చెప్పిన సమాచారాన్ని అధికారే రాయాలి, లేదా రాయించాలి, రాసినదాన్ని చెప్పినవాళ్ళకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. బ్రిటిష్ కాలపు పాత చట్టంలో కూడా రాసి వినిపించమన్న మాట ఉండేది. చదువురాని మనిషి కోసం చట్టం కలం పట్టుకొని కూర్చోమంది. ఆ వరండాలో నాకు ఆ సెక్షన్ తెలుసు. ఆ అవ్వకు తెలియదు. నా జేబులో కలం ఉంది.

మంత్రాలయం చుట్టుపక్కల పెరిగినవాళ్ళు చిన్నప్పుడు వెంకన్న కథ వింటారు. చదువురాని అనాథ వెంకన్నను ఆదోని నవాబు ఒక లేఖ చదవమంటాడు. రాదంటే నమ్మడు, శిక్షిస్తానంటాడు. వెంకన్న రాఘవేంద్రస్వామిని తలచుకుంటే అక్షరాలు నోటికి వస్తాయి. తర్వాత అతనే దివాను అవుతాడు. ఇంకో కథ థామస్ మన్రోది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక 1807 వరకు ఆయన ఇక్కడ ప్రధాన కలెక్టరు. మంత్రాలయం మఠం మాన్యం సంగతి తేల్చడానికి స్వయంగా వచ్చాడని, టోపీ, బూట్లు తీసి రాఘవేంద్రస్వామి బృందావనం ముందు నిలబడ్డాడని, పక్కవాళ్ళెవరికీ వినబడని మాట ఆయనకు వినబడిందని, మాన్యం నిలిచిందని చెబుతారు. భక్తులకు ఇవి మహిమలు. వాటిని నమ్మమని నేను ఎవరికీ చెప్పలేను, నమ్మేవాళ్ళను వద్దనడానికీ నాకు కారణం కనబడదు. కానీ ఈ ప్రాంతం ఇంతకాలం దాచుకున్న ఈ రెండు కథలూ కచేరీ కథలే కావడం చూడండి. ఒకటి కాగితం ముందు నిలబడిన చదువురాని మనిషి భయం గురించి. రెండోది ఎవరికీ వినబడనిది విన్న అధికారి గురించి. మన పూర్వులు గురువు మహిమను చెప్పదలచుకున్నప్పుడు, తమకు బాగా తెలిసిన కష్టాన్నే ఎంచుకున్నట్టున్నారు. కాగితం చదవగలగడం, అధికారి వినగలగడం, ఈ రెండూ వాళ్ళకు మహిమ అంత అరుదుగా అనిపించాయా? మన్రో గవర్నరు హోదాలో పర్యటిస్తూ 1827 జులై 6న కలరాతో పత్తికొండలో చనిపోయాడు. ఆయన పేరు ఈ సీమలో ఇన్నాళ్ళు నిలవడానికి, డేరాలు వేసుకొని ఊరూరూ తిరిగి రైతుల మాట విన్నాడన్న జ్ఞాపకం కూడా కారణం. ఆయన పరాయి కంపెనీకి పన్ను వసూలు చేయడానికే వచ్చాడు, అదీ మరచిపోకూడదు. అయినా వినడం వినడమే.

మూడో రోజు నేను ఒక ఫోను చేయించాను. పాత స్నేహితుడు, అతనికి తెలిసిన మరో మనిషి, ఆయనకు తెలిసిన ఒక పెద్దాయన. గంటలో పిలుపు వచ్చింది. అదే ఠాణా, అదే బల్ల. కుర్చీ వేశారు. వంక ఎటుపక్కదన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కేసు కట్టారు, నకలు చేతికిచ్చారు, టీ కొట్టు ఎదుటి కెమెరా ఫుటేజీ చూస్తామన్నారు. ఆ గంటలో నాకు కలిగిన ఊరట నిజం. ఆ తర్వాత కలిగిన కలత కూడా నిజం.

ఇటువంటి కష్టాలకు మనం సాధారణంగా "బ్యూరోక్రసీ" అని పేరు పెడతాం. నిబంధనలు మరీ ఎక్కువయ్యాయి, మనిషిని మనిషిగా చూడరు అంటాం. జర్మన్ సామాజికవేత్త మాక్స్ వేబర్ దీన్ని మరో కోణంలో చూపాడు. ఆధునిక ఉద్యోగ వ్యవస్థ లక్షణమే ముఖం చూడకుండా, కోపం గాని ప్రేమ గాని లేకుండా, నియమం ప్రకారం పని చేయడం అన్నాడు. అది మనిషిని యంత్రంలో బిగించే ఇనుప గూడు కాగలదని ఆయనకూ దిగులుండేది. కానీ మన నేలమీద నిలబడి చూస్తే ఆ ముఖం చూడకపోవడం ఎంత గొప్పదో కనబడుతుంది. కులం చూడని, బట్టలు చూడని, ఎవరి తాలూకు అని అడగని బల్ల ఒకటి ఉంటే, ఆ అవ్వకు అంతకంటే కావలసింది లేదు. మేం ఎదుర్కొన్నది నిబంధనల ఎక్కువ కాదు. నిబంధన చెప్పినట్టు జరిగి ఉంటే మొదటి రోజే పని అయ్యేది. ఫోను లేనివాడికి వంక అడ్డం వస్తుంది, ఫోను ఉన్నవాడికి వంక ఎండిపోతుంది. అంటే అక్కడ నడుస్తున్నది నియమం కాదు, ముఖాలు. మరి నేను చేసింది ఏమిటి? ఆ ముఖాల వరుసలో నా ముఖాన్ని ముందుకు తోశాను. అన్యాయాన్ని తొలగించలేదు, దానిలో మాకు మంచి చోటు సంపాదించాను.

చేయకుండా ఉండవలసిందా? బావ కంతులు, పిల్లల ఫీజులు చూస్తూ, సిద్ధాంతం కోసం ఆయన్ను ఇంకో వారం ఆ వంక చుట్టూ తిప్పి ఉంటే అది మరింత సరైన పనయ్యేదా? నాకట్లా తోచదు. ఒకరి కష్టాన్ని మన ఆదర్శానికి ఖర్చుపెట్టే హక్కు మనకు లేదు. కానీ మరో దారి ఉండింది, అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఠాణాలో తీసుకోకపోతే సమాచారాన్ని రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పంపవచ్చని, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చని అదే 173వ సెక్షన్ చెబుతుంది. ఆ దారి నిదానం. కానీ దానిలో నడిచినవాడు వెనక వచ్చేవాళ్ళకు ఒక అడుగు జాడ వదులుతాడు. ఫోను వదలదు. కనీసం ఎస్పీకి ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో వేసి, ఆ తర్వాత ఫోను చేయించి ఉండవచ్చు. కనీసం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, "నిన్న బయట ఒక అవ్వ కూర్చుంది, ఆమెదీ రాసుకోండి సార్" అని ఉండవచ్చు. ఆ వాక్యానికి ఖర్చేమీ లేదు. పని అయిపోతుందన్న సంతోషంలో అది నా నోటికి రాలేదు.

మిగిలినది త్వరగానే చెప్పవచ్చు. ఫుటేజీలో బండి మంత్రాలయం రోడ్డు పట్టడం కనిపించింది. అక్కడినుంచి తుంగభద్ర దాటితే రాయచూరు, అంటే మరో రాష్ట్రం. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలని కొత్త సంహిత అంటుంది. మేం అడిగితే చెప్పారు: దొరకలేదు. చివరికి బండి ఆచూకీ దొరకలేదన్న కాగితం కోసం తిరిగాం. దాన్ని అందరూ నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్ అంటారు. అది లేకపోతే బీమా ఫైలు కదలదు. బీమా దగ్గర ఆ కుర్రవాడు చెప్పినట్టే తాళం సంగతి ముందుకొచ్చింది. పాలసీ షరతు తప్పినా దొంగతనం పరిహారాన్ని మొత్తంగా తోసిపుచ్చనక్కరలేదని, 75 శాతం ఇవ్వవచ్చని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఒప్పుకుంది. బండి పోయిన వెంటనే పోలీసు కేసు పెట్టి ఉంటే, బీమా కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదని 2020 జనవరిలో ఒక ట్రాక్టరు విషయంలో చెప్పింది. మా ఉత్తరాల్లో ఈ రెండూ రాశాం. కోత వేసి ఇస్తామన్నారు, బావ ఒప్పుకున్నాడు. తాళం మాట రాయించినందుకు చింతపడ్డావా అని నేను అడగలేదు. ఆయన తనంతట తాను ఆ మాట ఎత్తలేదు.

ఆ డబ్బుతో బ్యాంకు అప్పు తీరింది, బండి రాలేదు. బావ ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒకరి బండికి డ్రైవరుగా పోతున్నాడు. మొన్న ఆదోని కోట కింద టీ తాగుతుంటే, దిగేటప్పుడు తీసిన తాళం పిడికిట్లో అట్లాగే పెట్టుకొని ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు:

"ఆ పొద్దు వరండాలో ఒక అవ్వ ఉన్నింది చూడు, ఆ యమ్మ జీవాలు దొరికినాయంటనా?"

నేను ఆమె ఊరు కూడా అడగలేదు.